చేట వేసిన నామినేషన్

ఒక ఇంట్లో వంటింటి తలుపు వెనక ఒక చేట ఉండేది.

పని ఉన్నప్పుడు బియ్యం చెరిగేది. పని లేనప్పుడు గోడకు ఆనుకుని ఉండేది. ఎవరైనా పలకరిస్తే సరసరమనేది. ఆమె గొంతు అంతే.

తలుపు వెనక ఆ చోటు చేట ఒక్కదానిదే కాదు. సావిట్లో మగవాళ్ళు మాట్లాడుకునేటప్పుడు ఇంటావిడ కూడా వచ్చి అక్కడే నిలబడేది. ఇద్దరూ గోడకు ఆనుకుని వినేవాళ్ళు. ఇద్దరూ ఏమీ అనేవాళ్ళు కాదు.

మనుషులకు అది ఇల్లు. సామాన్లకు మాత్రం అది ఊరు. మధ్యాహ్నం అన్నాలు తిని మనుషులు కునుకు తీసేవేళ ఆ ఊరు మేలుకునేది. సావిడి ఒక వార్డు. పడకగది ఒక వార్డు. అటక ఒక వార్డు. వంటిల్లు ఒక వార్డు. వార్డుకొక సభ్యుడో సభ్యురాలో ఉండాలని ఆ ఊరి చట్టం.

వంటింటి వార్డుకు ఎప్పటినుంచో ఇత్తడి బిందే సభ్యురాలు. ఆమె పైగూట్లో కూర్చునేది. పండగొస్తే దించి చింతపండు పెట్టి తోమేవాళ్ళు, మళ్ళీ ఎక్కించేవాళ్ళు. ఆమె ఏ మాటన్నా ఆ మాట కడుపులో గుండ్రంగా తిరిగి, పెద్దదై బయటికి వచ్చేది. అందుకని ఆమె ఏం చెప్పినా గొప్పగానే వినిపించేది.

వంటింటి మూలనున్న తూము పూడిపోయింది. అంట్లు తోమిన నీళ్ళు బయటికి పోక, సాయంత్రానికల్లా వెనక్కి తన్నేవి. పైన ఉండేవాళ్ళకు ఆ సంగతే తెలియదు. కింద ఉండే పీట, చీపురు, రోకలి, చేట మాత్రం తడిసేవాళ్ళు. పీటకు కాళ్ళు మెత్తబడ్డాయి. చీపురుకు పుల్లలు కుళ్ళుతున్నాయి. చేటకు అడుగు నల్లబడింది.

వెదురుకు నలుపు పట్టిందంటే ఇక పొయ్యే గతి. అంతకుముందు తలుపు వెనక ఇంకొక చేట ఉండేది. ఈ చేటకు అక్క. పోయిన వానల్లో తడిసి తడిసి, నల్లబడి, అడుగు ఊడింది. ఒక పొద్దున దాన్ని విరిచి పొయ్యిలో పెట్టారు. అక్క మండుతుంటే ఆ వెలుగు తలుపు వెనకదాకా వచ్చింది. చేట ఆ వెలుగును మరిచిపోలేదు.

ఇప్పుడు అటక మీద గొడుగులు ఒళ్ళు దులుపుకుంటున్నాయి. అంటే వానలు దగ్గరికొచ్చాయన్నమాట.

చేట అంతకుముందు ఒకసారి ధైర్యం చేసి పైగూటి కిందికి వెళ్ళింది. "బిందమ్మగారూ, తూము," అంది.

"చూద్దాం," అంది బిందె. ఆ మాట ఆమె కడుపులో తిరిగి తిరిగి, చూద్దాం, ద్దాం, ద్దాం అని చాలాసేపు మోగింది. వినడానికి బాగానే ఉంది. నీళ్ళు మాత్రం ఆ సాయంత్రం కూడా వచ్చాయి.

ఆ మధ్యాహ్నం సావిట్లో గోడగడియారం చాటింపు వేశాడు. "సభ్యుల ఎన్నికకు ఈ పూటే పేర్లు తీసుకుంటారు. మనుషుల కునుకు చిన్నది, అందుకని కాగితం ఇవ్వడం, పరిశీలన, గుర్తు అన్నీ ఈ పూటే. నేను మూడు కొట్టేలోపల కాగితం బల్లమీద ఉండాలి."

చాటింపు వినగానే మేకుకు వేలాడుతున్న గరిటె ఒక్క ఊపు ఊగింది.

"వదినా, విన్నావా?"

"విన్నాను," అంది చేట.

"విని?"

"విని ఊరుకున్నాను."

"ఊరుకుంటానని నోమేమైనా పట్టావా?"

చేట నల్లబడ్డ అడుగు చూసుకుని, "మనవాళ్ళలో ఎవరైనా నిలబడితే బాగుండును," అంది.

"ఎవరు నిలబడతారు? పీట నిలబడిందా, ఆ మెత్తటి కాళ్ళు చూసి జనం నవ్వుతారు. చీపురు ఎదురొస్తే పనిమీద పోయేవాళ్ళు కాళ్ళు కడుక్కుని మళ్ళీ బయలుదేరుతారు. నేనా, మేకుమీద ఉండేదాన్ని. తడి సంగతి నాకేం తెలుసని ఓటడగను? నీకు తెలుసు."

"నాకు తడి తెలుసు. నిలబడటం తెలియదు. గోడ లేకపోతే పడిపోతాను."

"పడితే లేపుతాం. కాగితం వేయడం పెద్ద బ్రహ్మవిద్య కాదు వదినా. కాగితం ఊరికే ఇస్తారు. అందులో నీ పేరు, నువ్వుండే చోటు రాయాలి. మన వార్డు ఓటర్ల జాబితాలో నీ వరస సంఖ్య వేయాలి. మన వార్డువాడే ఒకడు, ఈమెను నేను ప్రతిపాదిస్తున్నాను అని గుర్తు వేయాలి, వాడి వరస సంఖ్య కూడా పడాలి. గుప్పెడు గింజలు ధరావతు కట్టాలి. ఎదురుగా నిలబడి ప్రమాణం చేయాలి. అంతే. పులుసు పెట్టడం కన్నా తేలిక."

"పులుసులో పడేది నువ్వు. ఇందులో పడేది నేను."

"చూశావా, నోరుంది నీకు," అంది గరిటె సంతోషంగా.

"ఇవన్నీ నీకెలా తెలుసు?"

"ఈ ఇంట్లో నేను ముంచని గిన్నె ఉందా?"

మూలనున్న రోకలి అప్పటిదాకా కళ్ళు మూసుకుని వింటున్నాడు. వయసులో పెద్దవాడు. చేటకు మామ వరస. వాడు దంచిందే ఎప్పుడూ ఆమె చెరిగింది.

"పిల్లా," అన్నాడు రోకలి. "మీ అక్క కూడా ఎవరైనా నిలబడితే బాగుండుననే అనేది."

ఆ ఒక్క మాటకు చేట గోడ నుంచి జరిగింది. పడలేదు. కొంచెం ఊగింది. అంతే.

ఇక వంటిల్లు వంటిల్లులా లేదు. గరిటె మేకు దిగి, సావిట్లోకి పరుగెత్తి కాగితం తెచ్చింది. పీట తన మీద కాగితం పరుచుకోమంది. పొయ్యి బొగ్గు ఇచ్చింది. గరిటె బొగ్గుతో రాయసాగింది. ఏం రాస్తోందో తనకే వినిపించేట్టు పైకి చదువుతూ రాసింది.

ధరావతు దగ్గర మాత్రం అందరూ ఆగారు.

"నా దగ్గర ఏముంటుంది?" అంది చేట. "నాలో ఎంత పోసినా మంచిగింజలన్నీ ఇచ్చేస్తాను. పొట్టు ఎగిరిపోతుంది. మిగిలేది నూకలే."

"నూకలు గింజలు కావా?" అంది చీపురు. చేట అల్లికలో ఇరుక్కున్న నూకలన్నీ రాలగొట్టింది. తను మూలల్లో ఊడ్చి దాచుకున్న నాలుగు గింజలు వాటిలో కలిపింది. పీట తన పగుళ్ళలో పడ్డ మినపగుళ్ళు విదిలించింది. గుప్పెడు అయ్యింది. అన్నీ ఒక్కరకంవి కావు. ఆ వార్డు కూడా ఒక్కరకంది కాదు.

ప్రతిపాదన వంతు వచ్చింది.

"సంతకం నాకు రాదు," అన్నాడు రోకలి. "పోటు వేస్తాను."

"నెమ్మదిగా మామా, కాగితం చిరుగుతుంది."

"నెమ్మదిగా వేస్తే అది పోటెలా అవుతుందే?"

వేశాడు. కాగితం మీద గుండ్రంగా రోకలి కొసనున్న ఇనుప పొన్ను అచ్చు పడింది. దాని కింద, కాగితం చివర మూలన, గరిటె వాడి వరస సంఖ్య వేసింది.

ఇక బయలుదేరడమే అనుకుంటుండగా గరిటె, "ఆగండాగండి," అంది. "శుభమా అని వేస్తున్న కాగితం. పసుపు పెట్టకుండా ఇస్తామా? పెళ్ళిపత్రికకు పెడతాం. కొత్తబట్టకు పెడతాం. ఇది అంతకన్నా తక్కువా?"

నిజమే అన్నారు అందరూ. పోపులపెట్టె తెరుచుకుంది. గరిటె పసుపు తడిపి, కాగితానికి నాలుగు మూలలా దిట్టంగా పెట్టింది. తక్కువ పెడితే ఏం బాగుంటుందని ఇంకొంచెం పెట్టింది. చేట ఆ నాలుగు మూలలూ చూసుకుంది. అప్పటిదాకా ఆమె ఒళ్ళోంచి ఎంతో పసుపు పోయింది గాని, తన పేరున్న దేనికీ ఎవరూ పసుపు పెట్టలేదు. ఆమెకు లోపల ఏదో గలగలమంది.

వాళ్ళు బయలుదేరారు. ముందు చేట, ఒడిలో గింజలు, గింజల మీద కాగితం. పక్కన రోకలి. వెనక గరిటె, చీపురు, కుంటుకుంటూ పీట.

వంటింటికీ సావిడికీ మధ్య గడప ఉంది. గడప పక్కనే ఇంటావిడ చెయ్యి తలకింద పెట్టుకుని నిద్రపోతోంది. నేల తడిగా ఉంటే గోనెపట్టా వేసుకుంది. ఆమె పాదాలు నీళ్ళలో నాని, వేళ్ళ సందుల్లో ఒరిసి, తెల్లగా ఉన్నాయి. చేట ఒక్కక్షణం ఆ పాదాల దగ్గర ఆగింది.

"పదవే," అన్నాడు రోకలి. "వాడు గొంతు సవరించుకుంటే కష్టం."

గడియారానికి కొట్టబోయే ముందు గొంతు సవరించుకునే అలవాటు ఉంది. గర్రుమంటాడు. ఆ తర్వాత ఎంతోసేపు ఆగడు.

గడప ఎత్తుగా ఉంది. రోకలి వంగి కిందనుంచి ఎత్తాడు. చేట అంచు గడప మీద రాసుకుంది, అటు ఒరిగింది, సావిట్లో పడింది. గింజ ఒక్కటి కూడా ఒలకలేదు. వెనక వంటింట్లో పీట, చీపురు ఊపిరి వదిలారు.

సావిట్లో బల్లమీద జల్లెడ కూర్చుని ఉంది. పేర్లు తీసుకునే అధికారి ఆమె. జల్లెడ సూదిని చూసి నీకు బెజ్జం ఉందన్నదని ఊళ్ళో వెనకటినుంచీ ఒక మాట ఉంది. ఉండనీ. ఒళ్ళంతా కళ్ళున్నవాళ్ళే ఆ పనికి కావాలి. రాయి పైన ఆగిపోవాలి, గింజ కిందికి దిగాలి. అది ఎవరి రాయి, ఎవరి గింజ అని ఆమె అడగదు.

బల్లకు అవతల ఇత్తడి బిందె అప్పటికే కాగితం ఇచ్చి కూర్చుని ఉంది. ఆమెను చెంబులు దించి మోసుకొచ్చాయి. చేటను చూసి ముందు ఆమె నవ్వలేదు. చెంబులు నవ్వాయి. తర్వాత ఆమె నవ్వింది.

"ఏమే చేటా, దారి తప్పావా?"

"లేదండి," అంది చేట. ఆ మాట చెంబులదాకా కూడా వెళ్ళలేదు.

గరిటె గడప దాటబోతే జల్లెడ ఆపింది. "అభ్యర్థి, ప్రతిపాదించినవాడు. ఇద్దరే లోపలికి. మిగతావాళ్ళు గడపకు అవతల."

"నేను లేకపోతే ఆవిడకు మాట రాదండి," అంది గరిటె.

"ఇక్కడ ముందు కాగితం మాట్లాడుతుందమ్మా. తర్వాత ఆవిడ మాట్లాడుతుంది."

జల్లెడ గింజలు తీసుకుంది. నూకలు, మినపగుళ్ళు అన్నీ చూసింది. "సరిపోయింది," అంది. కాగితం తీసుకుంది. కళ్ళన్నీ దానిమీద పెట్టింది.

"ఈ మూల ఏమిటి?"

"పసుపండి," అంది చేట.

"పసుపు కింద?"

చేట చూసింది. పసుపు కింద ఇంకేమీ కనపడటం లేదు. "మామ వరస సంఖ్య అండి," అంది.

"నాకు కనపడటం లేదు."

గడప అవతలనుంచి గరిటె గొంతు వినిపించింది. "నాలుగు మూలలకూ పెట్టామండి. ఒక్క మూల కూడా వదల్లేదు."

"ఒక్క మూల వదిలినా పోయేదమ్మా," అంది జల్లెడ. ఆమె గొంతులో కోపం లేదు. "ప్రతిపాదించినవాడు ఎవరో తేలకపోతే ఈ కాగితం చెల్లదు."

చెంబులన్నీ ఒక్కసారిగా మోగాయి. గరిటె గడపకు అవతల కూలబడింది. తన చేతులతో తనే పెట్టింది. అంత సంతోషంలో, అంత దిట్టంగా.

"మీరు గడప లోపల ఉన్నారు, గడియారం ఇంకా కొట్టలేదు," అంది జల్లెడ. "కొత్త కాగితం ఇస్తాను. ఇక్కడే రాసి ఇవ్వండి."

"రాసే గరిటె అవతలుంది," అన్నాడు రోకలి. "నేను పోటే వేస్తాను గాని అక్షరం వేయను."

అందరూ చేట వైపు చూశారు.

చేట ఎప్పుడూ ఏదీ రాయలేదు. కాని అక్షరాలు ఆమెకు తెలియనివి కావు. ఆ ఇంటి పిల్లలకు ఓనమాలు దిద్దించినప్పుడు ఆమె ఒళ్ళోనే బియ్యం పోసి దిద్దించారు. చిన్నవేలు బియ్యం మీద తిరిగింది. బియ్యం కింద ఆమె ఉంది. అది సున్నాలా చుట్టుకోవడం, కొమ్ములా పైకి పోవడం, దీర్ఘం దగ్గర సాగడం ఆమె ఒంటికి తెలుసు. పిల్లలు పెద్దవాళ్ళై ఎటో పోయారు. ఆ వేలు మాత్రం ఆమె దగ్గరే ఉండిపోయింది.

"బొగ్గు ఇవ్వండి," అంది చేట.

ఇది మాత్రం చెంబులకు కూడా వినిపించింది.

ఆమె అంచున బొగ్గు ఇరికించుకుని కాగితం మీదికి వంగింది. ఆ వేలు ఎటు తిరిగిందో అటే తిరిగింది. మొదట తన పేరు. తర్వాత ఉండే చోటు దగ్గర, తలుపు వెనక అని రాసింది. తన వరస సంఖ్య. మామ పేరు. అక్షరాలు తిన్నగా లేవు. అయినా ఒకటి పక్కన ఒకటి నిలబడ్డాయి.

గోడమీద గడియారం గర్రుమన్నాడు.

"తొందరగా వదినా," అంది గరిటె. పీట ఒంటికాలి మీద లేచింది. చీపురు అక్కడక్కడే తిరిగి నేలంతా ఊడ్చేసింది.

మామ వరస సంఖ్య ఒక్కటీ మిగిలింది. చేట రాసింది. కాగితం బల్లమీదికి తోసింది. రోకలి పైకి లేచాడు. గడియారం మొదటి దెబ్బ, రోకలి పోటు ఒక్కసారే పడ్డాయి. ఏది ఏదో ఎవరికీ తెలియలేదు. బల్ల మాత్రం అదిరింది. ఆ తర్వాత రెండు, మూడు వినిపించాయి.

"ఆలస్యమైంది," అంది బిందె.

"మొదటి దెబ్బకు కాగితం బల్లమీద ఉంది," అంది జల్లెడ. "నా కళ్ళన్నీ చూశాయి."

గడప అవతల గరిటె పీటను కొట్టింది, పీట గరిటెను తన్నింది, ఎవరికీ దెబ్బ తగల్లేదు.

"ఇక ప్రమాణం," అంది జల్లెడ. "గోడకు ఆనుకోకుండా నిలబడి, నలుగురికీ వినపడేట్టు పేరు చెప్పాలి."

చేట నిలబడింది. పడింది. మళ్ళీ నిలబడింది. ఈసారి కొంచెం ఎక్కువసేపు ఉండి పడింది. చేటకు ఉన్నదే అంత అడుగు. అందులో సగం నలుపు.

"నిలబడలేనిది సభ్యత్వానికి నిలబడుతుందట," అన్నాయి చెంబులు.

రోకలి జరిగి ఆమె పక్కకు వచ్చాడు. వాడు కూడా గోడ లేకుండా నిలబడేవాడు కాదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదంతే. "ఆనుకోవే," అన్నాడు. ఆమె వాడికి ఆనుకుంది. వాడు ఆమెకు ఆనుకున్నాడు. ఇద్దరూ కొంచెం అటూ ఇటూ ఊగి, ఒకచోట ఆగారు.

"ఇది చెల్లదు," అంది బిందె.

"గోడకు ఆనకూడదని ఉంది," అంది జల్లెడ. "రోకలికి ఆనకూడదని ఎక్కడా లేదు. పేరు చెప్పమ్మా."

"చేటనండి."

"గట్టిగా."

"చేటను," అంది ఆమె. ఆ మాట గుండ్రంగా తిరగలేదు. మోగలేదు. తిన్నగా వెళ్ళి ఎదుటి గోడకు తగిలింది. ఆమె ప్రమాణం చేసింది.

"పరిశీలన," అంది జల్లెడ. "అభ్యంతరాలుంటే చెప్పండి."

బిందె గొంతు సర్దుకుంది. "వట్టి చేట ఎదురుగా నిలబడింది. ఊరికి అపశకునం."

"చట్టంలో శకునం లేదండి."

"ఆమె ఉండేది తలుపు వెనక. అదీ ఒక చిరునామాయేనా?"

"తలుపు వెనక కూడా మన ఊరే," అంది జల్లెడ. ఆమె కాగితాన్ని ఒక్కసారి అటూ ఇటూ ఆడించింది. ఏదీ పైన ఆగలేదు. "చెల్లింది."

ఈసారి పీట ఎగిరిన చప్పుడుకు గడప పక్కన ఇంటావిడ నిద్రలో కదిలింది. అందరూ ఊపిరి బిగబట్టారు. ఆమె అటు తిరిగి పడుకుంది.

"విత్‌డ్రా చేసుకునేవాళ్ళుంటే ఇప్పుడే చెప్పాలి," అంది జల్లెడ.

బిందె చేట దగ్గరికి జరిగింది. గొంతు తగ్గించింది. ఆమె గొంతు తగ్గించడం ఎవరూ ఎప్పుడూ వినలేదు.

"చేటా, నీ బాధ నాకు తెలియనిదా? నా గూటి పక్కన మేకు ఒకటి ఖాళీగా ఉంది. ఎత్తుగా ఉంటుంది. చుక్క తడి రాదు. గాలి తగులుతుంది. నీ నలుపు ఆరిపోతుంది. ఆ కాగితం వెనక్కి తీసుకో. సాయంత్రానికల్లా నువ్వు ఆ మేకుమీద ఉంటావు."

చేటకు మేకు కనపడింది. తాను దానిమీద ఆరుతూ, తేలికగా, పొయ్యికి ఎంతో దూరంగా ఉన్నట్టు కనపడింది. తర్వాత గడప అవతల పీట కనపడింది.

"ఆ మేకుకు పీట పడుతుందాండి?" అంది చివరికి.

"పీట సంగతి నీకెందుకు?"

"చీపురు?"

"నీ ఒక్కదాని సంగతి చెబుతున్నాను."

"నాకు దాచుకోవడం రాదు బిందమ్మగారూ," అంది చేట. "నాలో పోసింది ఏదీ నా దగ్గర ఉండదు. అలా అల్లారు నన్ను."

రోకలి ఇంకొంచెం గట్టిగా ఆనాడు.

జల్లెడ బొమ్మల అట్ట తీసింది. సామాన్ల ఊళ్ళో గుర్తులన్నీ మనుషులే. సింహాసనం మీద రాజు, కత్తి పట్టిన సిపాయి, పల్లకీలో పెళ్ళికూతురు, అరక పట్టిన రైతు, ఇంకా ఎందరో. రాజు గుర్తు ఎప్పుడూ బిందెది. మిగతావి కూడా ఒక్కొక్క వార్డులో ఒక్కొక్కరు తీసేసుకున్నారు.

"నీకేది కావాలో చూసుకోమ్మా."

చేట అట్ట పొడుగునా చూసింది. అట్ట చివర, మాసిపోయినచోట, ఒక బొమ్మ ఉంది. తలుపు వెనక నిలబడ్డ ఆడమనిషి.

"ఇది," అంది చేట.

జల్లెడ మొదటిసారి కొన్ని కళ్ళు మూసి తెరిచింది. "ఈ బొమ్మ మొదటినుంచీ ఉంది. ఎవరూ అడగలేదు. గోడమీద వేస్తే తలుపే కనపడుతుంది, మనిషి కనపడదు అంటారు."

"మావాళ్ళకు కనపడుతుందండి."

జల్లెడ రాసుకుంది. ఆమె రాస్తుండగానే అరుగు మీద దగ్గు వినిపించింది.

మనుషులు లేచారు. ఊరు చెదిరిపోయింది. చెంబులు బిందెను ఎత్తుకుని పరుగెత్తాయి. గరిటె మేకెక్కింది. పీట మూలకు దొర్లింది. చేట, రోకలి మాత్రం కదల్లేకపోయారు. ఒకరు కదిలితే ఒకరు పడతారు. పని ముగియలేదని జల్లెడ బల్లమీదే ఉండిపోయింది. చెల్లదని జల్లెడ తిరిగిచ్చిన పసుపు కాగితం చేట ఒళ్ళో ఉండిపోయింది.

ఇంటాయన అరుగు మీదనుంచి సావిట్లోకి వచ్చాడు. వెంట ఇద్దరు మనుషులు వచ్చారు. ముగ్గురూ బల్ల చుట్టూ కూర్చున్నారు. ఒకాయన సంచిలోంచి కాగితం తీసి జల్లెడ పక్కన పెట్టాడు.

"ఈసారి ఎన్నికల్లో మన వార్డు ఆడవాళ్ళకు వచ్చింది," అన్నాడు. "గడువు రేపటిదాకానే. ఎవరో ఒకరి పేరు వేసేద్దాం."

"పేరు ఎవరిదైతేనేం," అన్నాడు రెండో ఆయన. "తిరిగేది మనమే కదా."

వంటింట్లో ఇంటావిడ లేచింది. రాత్రికి బియ్యం చెరగాలి. తలుపు వెనక్కి చెయ్యి చాపింది. చేతికి గోడ తగిలింది. అక్కడే ఆగి, ఎప్పటిలా నిలబడి, సావిట్లోని మాటలు వింది. తలుపు సందులోంచి చూసింది. సావిడి నడిమధ్యన, గోడకు దూరంగా, రోకలికి ఆనుకుని తన చేట నిలబడి ఉంది.

ఆమె కాళ్ళకింద నీళ్ళు అప్పుడే వెనక్కి రావడం మొదలుపెట్టాయి.

ఆమె గడప దాటింది.

మాటలు ఆగాయి. ఇంటాయన తలెత్తాడు. "ఏం కావాలి?"

"చేట."

"తీసుకుని వెళ్ళు."

ఆమె వంగి చేటను తీసుకుంది. దానికి ఆనుకున్న రోకలి పడబోతే రెండో చేత్తో పట్టుకుంది. చేటలో నాలుగు మూలలా పసుపు పెట్టిన కాగితం ఉంది. ఎవరు పెట్టారో ఆమెకు తెలియదు. పసుపు ఇంకా తడిగానే ఉంది.

ఆమె వెళ్ళలేదు.

బల్లమీద వచ్చినాయన పెట్టిన కాగితంలో పేరు రాసేచోటు ఖాళీగా ఉంది. పక్కన జల్లెడ కళ్ళన్నీ తెరుచుకుని ఉంది. ఇంటావిడకు ఆనుకోవడానికి ఏ గోడా దగ్గరలో లేదు.

గోడమీద గడియారం గొంతు సవరించుకున్నాడు.